మానని జబ్బున్న గుర్రాన్ని ఇంకా ఎంతకాలం ఉంచుకోవాలి?

అమ్మా, మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. మీవాడికి, అదే మీ గుర్రానికి, 19 ఏళ్లు, అందులో 11 ఏళ్లు మీ దగ్గరే. రెండేళ్ల కిందట కుషింగ్స్ జబ్బు (వయసు మీరిన గుర్రాల్లో హార్మోన్లు అదుపు తప్పే జబ్బు) అని తేలింది. అప్పట్నుంచి మూడుసార్లు లామినైటిస్ (డెక్క లోపలి పట్టు సడలే జబ్బు) వచ్చింది, మూడోసారి ఎక్స్‌రేలో డెక్క లోపలి ఎముక తిరిగినట్టు కనిపించింది. దానికి తోడు వెనక కాళ్ల హాక్ కీళ్లలో (కాలి మధ్యలో వెనక్కి పొడుచుకుని కనిపించే కీళ్లలో) అరుగుదల. అయిదు నెలలుగా సాలలోనే కట్టడి, నొప్పిమందు తగ్గించినప్పుడల్లా మళ్లీ కుంటు. ఇంట్లో ఒకరు అమ్మేయమంటున్నారు, ఇంకొకరు ఎక్కడైనా పచ్చికలో వదిలేయమంటున్నారు, డాక్టరుగారు "నిర్ణయం మీదే" అన్నారు. మీరు అడిగినవి రెండు: ఇక చాలు అని, అంటే వాణ్ని నొప్పిలేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చాలని, ఎప్పుడు అనుకోవాలి? అలా అనుకుంటే వాడికి ద్రోహం చేసినట్టా?

నేను 30 ఏళ్లకు పైగా గుర్రాల సాలలు చూసుకున్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల మోతాదుల జోలికి పోను. ఈ నిర్ణయం తీసుకుంటున్నవాళ్ల పక్కన చాలాసార్లు నిలబడ్డాను, నా గుర్రాల విషయంలో నేనే తీసుకున్నాను, ఒకసారి ఆలస్యంగా తీసుకున్నాను. ఆ సంగతీ చెబుతాను.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. మీవాడికి చికిత్స పని చేయలేదా, లేక చేయాల్సిన చికిత్స ఇంకా పూర్తిగా జరగలేదా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండిట్లోనూ గుర్రం కుంటుతూనే ఉంటుంది. కానీ రెండోదాన్ని మొదటిదనుకుని గుర్రాన్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, మొదటిదాన్ని రెండోదనుకుని ఏడాదిపాటు బాధపెట్టినవాళ్లూ ఉన్నారు.

డెక్క గోడకూ లోపలి ఎముకకూ మధ్య వందలాది సన్నటి పొరలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. గుర్రం బరువు ఆ పట్టు మీదే వేలాడుతుంది. లామినైటిస్‌లో సడలేది ఆ పట్టే. వయసు మీరిన గుర్రంలో ఇది మళ్లీ మళ్లీ వస్తోందంటే చాలాసార్లు మూలం కాలిలో ఉండదు, రక్తంలో పెరిగిన ఇన్సులిన్‌లో ఉంటుంది. కుషింగ్స్ గుర్రాలన్నిటికీ ఇన్సులిన్ పెరగదు. పెరిగినవాటికే ఎక్కువగా డెక్కలు దెబ్బతింటాయి. అందుకే కుషింగ్స్‌కు చేసే ఏసీటీహెచ్ అనే హార్మోన్ పరీక్ష ఒక్కటే చాలదు, ఇన్సులిన్ విడిగా చూడాలి. మీ ఉత్తరంలో ఇన్సులిన్ మాట ఎక్కడా లేదు. జరిగి ఉంటే సరే, జరగకపోతే మొదటి పని అదే.

మూడుసార్లూ జబ్బు ఏ నెలలో తిరగబెట్టిందో చూసుకోండి. పగటి వెలుగు తగ్గుతూ వచ్చే నెలల్లో, సుమారు ఆగస్టునుంచి అక్టోబరు దాకా, ప్రతి గుర్రంలోనూ ఏసీటీహెచ్ తనంతట తానే పెరుగుతుంది, కుషింగ్స్ ఉన్న గుర్రంలో ఆ పెరుగుదల చాలా ఎక్కువ. ఏడాది మొదట్లో సరిపోయిన పెర్గొలైడ్ (కుషింగ్స్‌కు ఇచ్చే మందు) మోతాదు ఆ నెలల్లో చాలకపోవచ్చు. మూడింట్లో రెండుసార్లు ఆ కాలంలోనే వచ్చిందంటే డాక్టరుగారితో మోతాదు గురించి మాట్లాడటానికి మీ చేతిలో ఒక ఆధారం ఉన్నట్టే.

తరవాత మేత. ఇలాంటి గుర్రానికి ఎండుగడ్డిలో చక్కెర, పిండి పదార్థం కలిపి 10 శాతం దాటకూడదంటారు. గడ్డిని పరీక్షకు పంపే వీలు లేకపోతే చల్లటి నీళ్లలో ఓ గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. చక్కెర కొంత కరిగిపోతుంది, పూర్తిగా పోదు. లావుగా ఉంటే రోజుకు ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మేత తూకం వేసి పెట్టాలి. అంటే 450 కిలోల గుర్రానికి ఏడు కిలోలకు కాస్త తక్కువ. కంటి అంచనా పనికిరాదు. కుషింగ్స్ వల్ల వెన్ను మీద కండ కరిగి చిక్కిపోయిన గుర్రమైతే లెక్క వేరు, దాన్ని పస్తు పెట్టకూడదు. మెడమీద కొవ్వు గట్టిగా పేరుకుని, అదే సమయంలో వెన్ను ఎండిపోయిన గుర్రాలూ ఉంటాయి. వాటి మేత సంగతి డాక్టరు చూసి చెప్పాల్సిందే.

ఇక డెక్క చెక్కడం. లాడం వేసే ఆయనా డాక్టరుగారూ ఎప్పుడైనా ఒకే ఎక్స్‌రే ముందు నిలబడి మాట్లాడుకున్నారా? నేను చూసిన చోటల్లా పని చెడింది అక్కడే. ఆయన డెక్కను బయటినుంచి చూసి చెక్కుతాడు, ఈయన ఎముకను ఫొటోలో చూస్తాడు, మధ్యలో గుర్రం నలుగుతుంది. ఎముక తిరిగిన కాలికి ముందు భాగం ఎంత వెనక్కి తేవాలో, మడమ ఎంత తగ్గించాలో ఎక్స్‌రే చెప్పాలి. ప్రతి నాలుగు నుంచి ఆరు వారాలకు ఆ చెక్కుడు జరగాలి.

డెక్క నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైన వెంట్రుకల అంచునుంచి కింద డెక్క ముందుకొస దాకా కొత్త గోడ దిగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. కాబట్టి అయిదు నెలలకే అయిపోయింది అనలేం. అలాగని ఏడాదీ కళ్లు మూసుకుని ఎదురుచూడక్కర్లేదు. రక్తంలో మూలం అదుపులోకి వచ్చి, చెక్కుడు సరిగ్గా ఉంటే, మూడు నెలల్లో పైఅంచు కింద దిగిన కొత్త గోడ పాత గోడకంటే నిటారుగా, లోపలి ఎముకకు సమాంతరంగా కనిపిస్తుంది. పాత వాలుకూ కొత్త వాలుకూ మధ్య ఒక మడత గీతలా తెలుస్తుంది. అది కనిపిస్తే ఆశ ఉంది. మూడు నెలలు అన్నీ సరిగ్గా చేశాక కూడా కొత్త గోడ పాతదానిలాగే ముందుకు వాలుతూ దిగుతోందంటే, మడమ దగ్గర ఎడంగా, ముందు దగ్గరగా ఉంగరాలు పడుతున్నాయంటే, లోపల జబ్బు ఇంకా నడుస్తోందని అర్థం.

మా సాలలో 14 ఏళ్ల పోనీ ఒకటి ఉండేది. దాని సంగతి అయిపోయిందని ముగ్గురు అన్నారు, నేనూ దాదాపు ఒప్పుకున్నాను. ఇన్సులిన్ పరీక్ష చేయించి, మేత మార్చి, ఎక్స్‌రే పెట్టుకుని చెక్కించాక ఏడు నెలలకు తనంతట తాను గేటుదాకా నడిచివచ్చింది. మళ్లీ జీను వేయలేదు. ఇంకో ఆరేళ్లు బతికింది, బాగా బతికింది. మీవాడికీ అలాగే అవుతుందని అనడంలేదు. హాక్ కీళ్ల నొప్పి ఆ పోనీకి లేదు. ముందుకాళ్లు నొప్పైతే గుర్రం బరువు వెనక్కి వేసుకుంటుంది, మీవాడికి ఆ వెనకకాళ్లూ సహకరించవు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

ఇవన్నీ ఇప్పటికే జరిగాయనుకుందాం. అప్పుడు చూడాల్సింది ఎక్స్‌రే కాదు, గుర్రాన్ని.

చాలామంది చెప్పే మాట "తింటున్నాడు కదా". నేనూ చెప్పాను. మా బే రంగు (గోధుమ ఒళ్లు, నల్ల జూలు) ఆడగుర్రానికి 22 ఏళ్లు, కీళ్లు పోయాయి, డెక్కలు పోయాయి, కానీ దాణా గిన్నె చప్పుడైతే చెవులు నిక్కబొడుచుకునేది. ఆ చెవులు చూసి నాలుగు నెలలు నెట్టుకొచ్చాను. ఒక రాత్రి పడుకుని లేవలేకపోయింది. లేవడానికి ప్రయత్నించి ప్రయత్నించి మోకాళ్లూ కంటి పైభాగమూ చీరుకుపోయాయి. డాక్టరు దూరంలో ఉన్నారు, వచ్చేసరికి అయిదు గంటలైంది. ఆ అయిదు గంటలూ దాని తల నా ఒళ్లోనే ఉంది, కానీ దాని కళ్లలో ఉన్నది భయం. వేటాడే జంతువుల మధ్య బతికిన జాతి ఇది. నొప్పిని దాచుకోవడం వాటికి పుట్టుకతో వస్తుంది. ఆకలి చచ్చేదాకా ఆగితే అన్నీ చచ్చాకే మనకు తెలుస్తుంది.

తిండికంటే నిద్ర నిజం చెబుతుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, దాని కాళ్లలో ఆ ఏర్పాటు ఉంది. కానీ గాఢమైన, కలల నిద్రకు కండరాలన్నీ వదులవ్వాలి, దానికి పడుకోక తప్పదు. రోజు మొత్తంలో ఆ నిద్ర అరగంటో గంటలోపో ఉంటుంది, అంతే. ఆ కాస్తా దొరక్కపోతే మాత్రం గుర్రం కుంగిపోతుంది. పడుకుంటే లేవలేనన్న భయంతో నొప్పి ఉన్న గుర్రం పడుకోవడమే మానేస్తుంది. కొన్ని రోజులకో వారాలకో నిలబడే మగత కమ్ముతుంది, ముందుకాళ్లు ఉన్నట్టుండి మడుచుకుపోతాయి, ఉలిక్కిపడి లేస్తుంది. ఫెట్‌లాక్‌ల (డెక్కకు కాస్త పైనుండే కీళ్ల) ముందువైపు, మోకాళ్ల మీద మానని గీరుడు గాయాలుంటే అవి ఎలా వచ్చాయో ఆలోచించండి. దీన్ని చాలామంది వింత నరాల జబ్బు అనుకుంటారు. ఎక్కువసార్లు అది నిద్రలేమే. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: పగలంతా పడుకునే ఉండి, మేత కూడా పడుకునే తింటూ, ఒంటిమీద పుండ్లు పడుతున్న గుర్రం కాళ్లమీద నిలబడలేక పడుకుంటోంది. రెండూ చెడ్డ గుర్తులే.

ముఖం చదవడం నేర్చుకోండి. 2014లో పరిశోధకులు గుర్రాల నొప్పికి ముఖకవళికల కొలమానం ఒకటి తయారుచేశారు, అందులో ఆరు గుర్తులు: బిగుసుకుని వెనక్కి తిరిగిన చెవులు, సగం మూసిన కన్ను, కంటిపైన బిగువు, దవడ కండరాల బిగింపు, బిగపట్టిన మూతి కింద పొడుచుకొచ్చిన గడ్డం, సాగి బిగుసుకున్న ముక్కుపుటాలు. మీరు ఎదుట నిలబడితే వాడు మీకోసం ముఖం మార్చుకుంటాడు. అందుకని వాడికి తెలియకుండా దూరంనుంచి చూడండి, లేదా ఫోను ఓ మూల పెట్టి అరగంట వీడియో తీయండి. మా బే గుర్రం విషయంలో నేను ఈ పని చేసి ఉంటే నాలుగు నెలల ముందే తెలిసేది.

నడకను లెక్కకట్టడానికి ఓబెల్ అనే స్వీడన్ పశువైద్యుడు 1948లో ఇచ్చిన నాలుగు మెట్లను ఇప్పటికీ వాడతారు. మొదటి మెట్టులో గుర్రం నిలబడ్డచోటే కాళ్లు మార్చి మార్చి ఎత్తుతుంది, దుడుకు నడకలో అడుగు పొట్టిగా పడుతుంది. రెండో మెట్టులో మామూలుగా నడిచేటప్పుడే బిర్రబిగుసుకుని నడుస్తుంది, కానీ కాలు ఎత్తనిస్తుంది. మూడో మెట్టులో కదలడానికి ఇష్టపడదు, కాలు ఎత్తబోతే ఒప్పుకోదు. నాలుగో మెట్టులో బలవంతం చేస్తే తప్ప కదలదు. ఏ మెట్టులో ఉన్నాడన్నదొక్కటే చూడకండి, నొప్పిమందు వేసుకుని ఏ మెట్టులో ఉన్నాడో చూడండి. మందు వేసుకుని కూడా మూడులో ఉన్న గుర్రానికి మందు పని చేస్తున్నట్టు కాదు.

నొప్పిమందు గురించి ఒక మాట. ఫినైల్‌బ్యూటజోన్ లాంటివి నెలల తరబడి వాడితే కడుపులో, పెద్దపేగులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చాలడంలేదు కదా అని అదే రకం ఇంకో మందును మీ అంతట మీరు కలపకండి. అంతకంటే ముఖ్యం, మందు వల్ల నొప్పి తెలియక గుర్రం పట్టు సడలిన డెక్కమీద అవసరానికి మించి తిరుగుతుంది, లోపల ఇంకా చెడుతుంది.

అమెరికాలోని అశ్వవైద్యుల సంఘం ఇలాంటి నిర్ణయాలకు కొన్ని మార్గదర్శకాలు పెట్టుకుంది. మానని, అదుపులోకి రాని నొప్పిని గుర్రం నిరంతరం భరించాల్సిన పరిస్థితి రాకూడదు. బతికినన్నాళ్లూ నొప్పిమందు మీదే ఉండాల్సి రాకూడదు. నొప్పినుంచి కాపాడటానికి జీవితాంతం ఒంటరిగా సాలలో బంధించాల్సి రాకూడదు. తనకు గానీ, చూసుకునేవాళ్లకు గానీ ప్రమాదంగా మారకూడదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు వరసగా ఇవే గుర్తొచ్చాయి. అయిదు నెలల కట్టడి, వదలని మందు. రెండు గీతల దగ్గరికి మీరు ఇప్పటికే వచ్చి నిలబడ్డారు. గుర్రమంటే మందలో ఉండే ప్రాణి, రోజులో సగానికి పైగా తల దించుకుని నడుస్తూ మేసే ప్రాణి. నాలుగు గోడల మధ్య ఒంటరిగా బతికించడాన్ని కొన్ని నెలల చికిత్సగా ఒప్పుకోవచ్చు, జీవితంగా ఒప్పుకోలేం.

మీ ఇంట్లోవాళ్లు చెప్పిన దారుల సంగతి చూద్దాం.

పచ్చికలో వదిలేయడం. వినడానికి ఎంతో దయగా ఉంటుంది. ఇన్సులిన్ చిక్కు ఉన్న గుర్రానికి పచ్చిక విషం. ఎండ బాగా కాసి, రాత్రి బాగా చల్లబడిన రోజుల్లో గడ్డిలో చక్కెర ఇంకా పేరుకుంటుంది. మీవాణ్ని అలా వదిలితే నాలుగో లామినైటిస్ మన కంటికి కనపడని చోట వస్తుంది, అంతే తేడా. గడ్డిలేని మట్టి ఆవరణలో, మెత్తటి నేలమీద, ఇంకో నెమ్మదైన గుర్రం తోడుగా ఉంచగలిగితే అది వేరు. అలాంటి విశ్రాంతికి రోజూ మందు వేసే మనిషి, గడ్డి నానబెట్టే మనిషి, నెలకోసారి డెక్క చెక్కే మనిషి కావాలి. సవారీ ఆగుతుంది, ఖర్చూ చాకిరీ ఆగవు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు.

అమ్మేయడం. వద్దమ్మా. నొప్పిమందు పడిన గుర్రం అమ్మకం రోజున బాగానే నడుస్తుంది. కొన్నవాళ్లకు వారంలో తెలుస్తుంది, వాళ్లు ఇంకొకరికి అమ్ముతారు. జబ్బు గుర్రం చేతులు మారినకొద్దీ మందు తగ్గుతుంది, పని పెరుగుతుంది. "పిల్లలు పక్కన నిలబడి ముద్దు చేయడానికి మాత్రమే" అని మాట తీసుకుని మేమొక గుర్రాన్ని ఒకరికి ఇచ్చాం. ఎనిమిది నెలల తరవాత మూడో యజమాని దగ్గర, వీపుమీద మనిషితో, కుంటుతూ కనిపించింది. దాన్ని వెనక్కి తెచ్చుకున్నాం గానీ అప్పటికి చేయగలిగింది ఒక్కటే మిగిలింది. తెలిసినవాళ్లకు, జబ్బంతా కాగితం మీద రాసి, వీలుకానప్పుడు తిరిగి మీకే ఇచ్చేలా ఒప్పందంతో తోడుగుర్రంగా ఇవ్వడం కొన్ని జబ్బుల్లో కుదురుతుంది. చూపు పోయిన గుర్రం, దుమ్ము పడక ఆయాసపడే గుర్రం అలా ఏళ్లు హాయిగా ఉన్నాయి. ఆయాసం ఉన్నదాన్ని ఆరుబయట ఉంచి, తడిపిన గడ్డి పెడితే సగం బాధ తీరుతుంది. రోజూ నొప్పితో ఉన్న గుర్రాన్ని మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి.

మీది మగగుర్రం కాబట్టి మీకు అవసరం లేదు, కానీ ఇది చదివేవాళ్లలో ఆడగుర్రం ఉన్నవాళ్లకు చెబుతున్నాను: "సవారీకి పనికిరాకపోతే పిల్లనైనా పెడుతుంది కదా" అనుకోవద్దు. 11 నెలల కడుపు బరువు నొప్పి ఉన్న డెక్కలమీదే పడుతుంది.

డబ్బు మాట మీరు చివర్లో, సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీరు మోయలేని ఖర్చు చివరికి గుర్రం మీదే పడుతుంది: ఆలస్యమైన చెక్కుడుగా, సగం చేసిన మోతాదుగా, వాయిదా పడిన పరీక్షగా. ఇంకెంతకాలం, ఎంతవరకు మోయగలరో ఇప్పుడే లెక్క వేసి డాక్టరుగారితో చెప్పండి. ఉన్న డబ్బులో ఏది ముందు చేయాలో ఆయన చెప్పగలరు. డబ్బుంటే అన్నీ నయమవుతాయన్నదీ నిజం కాదు. బార్బరో అనే పందెం గుర్రం 2006 మే నెలలో అమెరికాలో పందెం మొదట్లోనే వెనక కుడికాలు ముక్కలు చేసుకుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో డీన్ రిచర్డ్‌సన్ అనే పేరున్న శస్త్రవైద్యుడు ఆ కాలిని నిలబెట్టాడు. కానీ బరువంతా మోసిన రెండో వెనకకాలికి లామినైటిస్ వచ్చింది, నెలల తరవాత ముందుకాళ్లకూ పాకింది. 2007 జనవరి 29న దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చారు. అంత ఆసుపత్రి, అంత శ్రద్ధ, యజమానుల దగ్గర దేనికీ లోటు లేదు. అయినా నొప్పిలేని కాలు ఒక్కటీ మిగలనప్పుడు వాళ్లు ఆపారు.

ఇప్పుడు మీరు అడిగిన "ఎప్పుడు". వాడు బాగున్న రోజున కూర్చుని కాగితం మీద రాసుకోండి. కష్టమొచ్చిన రాత్రి మన బుద్ధి మన మాట వినదు. వాడికి అన్నిటికంటే ఇష్టమైన పనులు ఓ నాలుగైదు రాయండి: పొర్లడం, పక్క గుర్రంతో మెడలు గీరుకోవడం, మిమ్మల్ని చూసి సకిలించడం, ఏదైతే అది. గోడమీద క్యాలెండరులో రోజూ రాత్రి ఒక గుర్తు పెట్టండి, మంచి రోజు, చెడ్డ రోజు. గుర్తు పెట్టేది మీరొక్కరే కాకుండా రోజూ మేత వేసే మనిషి కూడా వేరే రంగులో పెడితే ఇంకా మంచిది, ఎందుకంటే ప్రేమ ఉన్న కన్ను ఒక్కోసారి చెడ్డ రోజును కూడా మంచిదని రాసేస్తుంది. దానికింద మీ గీతలు రాయండి. నేనైతే మీవాడికి ఇలా రాస్తాను: ఇన్సులిన్, మేత, చెక్కుడు అన్నీ సరిచేశాక మూడు నెలలు. ఆ గడువులో కొత్త గోడ వాలు మారకపోతే ఆపుతాను. వరసగా మూడు రాత్రులు పడుకోకపోతే, లేదా లేవడానికి సాయం కావలసివస్తే, గడువు సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరును పిలుస్తాను. నాలుగోసారి లామినైటిస్ వస్తే ఇంకో చికిత్స మొదలుపెట్టను. అరికాలులోంచి ఎముక కనబడితే ఆ రోజే. ఈ కాగితం డాక్టరుగారికి చూపించి, ఆయన చెప్పింది కలుపుకుని, మీ ఇంట్లోవాళ్లందరి ముందూ చదవండి. డాక్టరుగారిని ఇంకో మాట అడగండి: "ఇది మీ గుర్రమైతే ఏం చేసేవారు?" నిర్ణయం మీదే అని తప్పించుకున్నవాళ్లు కూడా ఈ ప్రశ్నకు నిజం చెబుతారు.

ఒకవేళ ఆ రోజు వస్తే ఎలా ఉంటుందో ముందే తెలియడం మంచిది, తెలియని భయంతోనే చాలామంది వాయిదా వేస్తారు. సాధారణంగా ముందు మత్తుమందు ఇచ్చి, మెడ నరంలోకి పెంటోబార్బిటాల్ ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. ఒక నిమిషం లోపే స్పృహ పోతుంది, గుర్రం ఒక్కసారిగా కూలుతుంది. అంత బరువు పడటం చూసినవాళ్లకు గుండె జారుతుంది, కానీ అప్పటికి వాడికి ఏమీ తెలియదు. తరవాత ఒకటి రెండుసార్లు ఊపిరి లాగినట్టు, కండరాలు అదిరినట్టు కావచ్చు, కళ్లు తెరిచే ఉంటాయి. అది బాధ కాదు. నేర్పున్న మనిషి చేతిలో తుపాకీ కూడా అంతే వేగంగా, నొప్పిలేకుండా పని చేస్తుంది. మీ చోట చట్టం దేనికి ఒప్పుకుంటుందో డాక్టరుగారిని ముందే అడగండి. చదునైన, మెత్తటి, బండి రాగలిగే చోటు ఎంచుకోండి. వాడు అంతదూరం నొప్పితో నడవకుండా ఉండేలా చూడండి. ఇంజెక్షన్ ఇచ్చిన శరీరంలో మందు నిలిచే ఉంటుంది. రాబందులు, కుక్కలు తింటే అవీ చస్తాయి, కాబట్టి లోతుగా పూడ్చడమో దహనమో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ రోజు ఉదయం ఇన్నాళ్లూ వాడికి కాదన్న పచ్చగడ్డి కడుపునిండా పెట్టండి. మీరు పక్కన ఉండలేకపోతే నమ్మకమైన మనిషిని నిలబెట్టి పక్కకు వెళ్లండి, అందులో తప్పులేదు. వాడి తోడుగుర్రాన్ని మాత్రం తరవాత దగ్గరకు తీసుకురండి. అది వాసన చూసుకుని, తనంతట తాను వెళ్లిపోయేదాకా ఉండనివ్వండి. చూడనివ్వకుండా తీసుకెళ్లిపోయిన గుర్రాలు రోజుల తరబడి కంచె పట్టుకుని పిలుస్తూ తిరగడం చూశాను.

ద్రోహమా అని అడిగారు. వచ్చే ఏడాది కావాలని మీవాడు అనుకోడు, రేపటికోసం ఈ రోజు నొప్పిని ఓర్చుకుందామని లెక్కవేయడు. వాడికి ఉన్నది ఈ పూట. నెలల తరబడి ఎదురుచూడగలిగేది మనం, ఆ ఎదురుచూపులో నిలబడేది వాడి కాళ్లు. నేను మా బే గుర్రాన్ని నాలుగు నెలలు ఎక్కువ ఉంచుకున్నది దానికోసం కాదు, నాకోసం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

రేపు పొద్దున్న మేత వేయకముందే సాలకు వెళ్లండి. తోకలోనూ జూలులోనూ పరుపు గడ్డి పరకలు చిక్కుకున్నాయా, పక్కటెముకల మీద పేడ మరక ఉందా, పరిచిన గడ్డిలో వాడి ఒళ్లంత గుంట పడిందా చూడండి. ఫెట్‌లాక్‌ల ముందువైపు చేయి పెట్టి గీరుడు ఉందేమో తడమండి. వారంరోజులు ఇలా చూసి రాసిపెట్టుకుని, ఇన్సులిన్ ఫలితం, మూడుసార్లు జబ్బు తిరగబెట్టిన నెలలు, ఈమధ్య తీసిన ఎక్స్‌రే తేదీ కూడా కలిపి నాకు రాయండి. అవి చేతిలో ఉంటే ఆ మూడు నెలల గడువు వాడికి ఇవ్వవచ్చా, ఇవ్వకూడదా అన్నది సూటిగా మాట్లాడుకుందాం.